ముందు మొక్క, తర్వాతే లైటు

(విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో ఒక ఆదివారం సాయంత్రం, ఇళ్ళల్లో చేపల తొట్లు పెంచుకునేవాళ్ళ ముందు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసింది. నవ్వులూ, మధ్యలో వచ్చిన ప్రశ్నలూ అలాగే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనకవాళ్ళకి వినబడుతోందా? ఆ ఫ్యాను కాస్త తగ్గించండి బాబూ. ఆఁ, చాలు. పూర్తిగా ఆపకండి, ఈ ఉక్కలో ఉడికిపోతాను.

నేను పోర్టులో 31 ఏళ్ళు ఎలక్ట్రికల్ పని చేశాను. లైట్ల గురించి మాట్లాడమని నన్ను పిలిచింది అందుకే అనుకుంటాను. కానీ చేపల తొట్టి దగ్గరకొచ్చేసరికి ఆ ఉద్యోగమే నా కొంప ముంచింది. పోర్టులో మాకు తెలిసిన సూత్రం ఒక్కటే. రాత్రిపూట పని సాగాలంటే వెలుతురు దండిగా ఉండాలి, ఎక్కడైనా చీకటిగా ఉందంటే ఇంకో ఫ్లడ్‌లైటు బిగించాలి. అదే బుద్ధితో 2014లో మా ఇంట్లో రెండడుగుల తొట్టి మీద 50 వాట్ల ఫ్లడ్‌లైటు వేలాడదీశాను. మొక్కలే కదా, ఎండలో పెరిగేవే కదా, ఎంత పోస్తే అంత తాగుతాయిలే అనుకున్నాను. పదిహేను రోజులు తిరక్కుండా నీళ్ళు పచ్చగా చిక్కబడిపోయాయి, లోపల చేప ఉందో లేదో కనబడదు. మా అమ్మ వచ్చి చూసి, "ఇదేట్రా, చేపల్ని పాలకూరలో వండేస్తున్నావేటి?" అంది.

(నవ్వులు)

నవ్వండి నవ్వండి. ఈ గదిలో సగం మంది ఇళ్ళల్లో ఆ పాలకూర ఉందని నాకు తెలుసు.

బడికెళ్ళిన ప్రతివాళ్ళకీ హైడ్రిల్లా ప్రయోగం గుర్తుండే ఉంటుంది. బీకరులో నీళ్ళు, హైడ్రిల్లా కొమ్మలు, వాటి మీద బోర్లించిన గరాటు, గరాటు కాడ మీద నీళ్ళు నింపి బోర్లించిన పరీక్షనాళిక. ఎండలో పెడితే బుడగలు పైకి లేస్తాయి, నీడలోకి తెస్తే తగ్గిపోతాయి. కాబట్టి కాంతి కావాలి అని రాసుకుని ఇంటికొచ్చేశాం. అయితే మాకు చెప్పిన మేస్టారు ఇంకో పని కూడా చేశారు. ఆ నీళ్ళలో చిటికెడు సోడా వేశారు. ఎండ అదే, మొక్క అదే, బుడగలు మాత్రం గబగబా పెరిగాయి. ఆ చిటికెడు సోడా నుంచి మొక్కకి కార్బన్ డయాక్సైడ్ అందింది, అంతే. పరీక్షలో రెండు మార్కుల కోసం ఆ ముక్క బట్టీపట్టి, నలభై ఏళ్ళ తర్వాత తొట్టి ముందు కూచున్నప్పుడు మర్చిపోయాను.

ఇలా ఆలోచించండి. లైటు మొక్కకి అన్నం కాదు. లైటు ఆకలి పుట్టిస్తుంది. అన్నం వేరే ఉంది: నీళ్ళలో కరిగిన కార్బన్ డయాక్సైడూ, నత్రజనీ, భాస్వరమూ, పొటాషూ, ఇనుమూ. లైటు పెంచారంటే బంతిలో కూచున్నవాడికి ఆకలి పెంచారని అర్థం. మరి వంటింట్లో ఏముంది? గాలితో కలిసి ఊరికే ఉన్న నీళ్ళలో కార్బన్ డయాక్సైడ్ లీటరుకి అర మిల్లీగ్రాము చిల్లర ఉంటుంది. పైగా అది గాలిలో కదిలినంత చురుగ్గా నీటిలో కదలదు, దాదాపు పదివేల రెట్లు నెమ్మది. సిలిండరు పెట్టి ఈ గ్యాసు నీళ్ళలోకి వదిలేవాళ్ళు లీటరుకి 20, 30 మిల్లీగ్రాములు ఉంచుతారు. వాళ్ళ విస్తరి వేరు, మన విస్తరి వేరు. వాళ్ళ తొట్టి ఫోటో చూసి వాళ్ళ లైటు మనం కొంటే, ఆకలి వాళ్ళది, అన్నం మనది. మొక్క తినలేక ఆగిపోతుంది. పాచి ఆగదు. అది ఎంగిలి మెతుకులతో కూడా బతికేస్తుంది.

అందుకని దుకాణంలో లైటు కొనేముందు రెండు ప్రశ్నలకి జవాబు తేల్చుకోవాలి. ఏ మొక్కలు పెడతారు? గ్యాసు పెడతారా, లేదా? ఈ రెండూ తేలాక లైటు సంగతి సగం తేలిపోయినట్టే.

గ్యాసు లేదు అనుకుందాం. ఇక్కడ చాలామందికి లేదు, ఉండక్కర్లేదు కూడా. అప్పుడు జావా ఫెర్న్, అనూబియాస్, జావా మాస్, క్రిప్టోకొరైన్‌లు. అనూబియాస్ ఆఫ్రికా అడవి వాగుల పక్కన చెట్ల నీడలో పెరిగేది. క్రిప్టోలలో కొన్ని మన దేశపు నీళ్ళలో పుట్టినవే. వీటికి మసక వెలుతురు అలవాటు. కొండకర్ల ఆవ అనే చెరువు చూశారా ఎవరైనా? తాటి దోనె ఎక్కి వెళ్ళాలి. పైన ఎండ మాడ్చేస్తుంటుంది, కానీ తామరాకులు పక్కకి తీసి చూడండి, కింద ఎంత చీకటో. మిట్టమధ్యాహ్నం కూడా ఆ అడుగున పెరిగేవి గొడుగు కిందే ఉన్నాయి. ఎండ ఉన్న ఊరు కాబట్టి నీటి మొక్కలన్నీ ఎండ తాగేవే అనుకోవడం నేను చేసిన మొదటి పొరపాటు.

ఇక హైడ్రిల్లా, వాలిస్నేరియా, లిమ్నోఫిలా లాంటివి నడిమిరకం. కాస్త ఎక్కువ లైటు ఇస్తే గుబురుగా వస్తాయి, తక్కువైతే సన్నగా సాగుతాయి, చావవు. ఎర్రగా మెరిసేవీ, నేలమీద తివాచీలా పాకేవీ, వాటి జోలికి గ్యాసు లేకుండా వెళ్ళకండి. వెళ్ళినవాళ్ళు ఉన్నారు, గెలిచినవాళ్ళు కూడా ఒకరిద్దరు ఉన్నారు. వాళ్ళకి ఉన్న ఓపిక నాకు లేదు.

ఇప్పుడు డబ్బా మీది రాతలకి వద్దాం.

వాట్లు. వాటు అంటే కరెంటు ఎంత తాగుతుందో చెప్పే లెక్క, ఎంత వెలుతురు ఇస్తుందో కాదు. పాత ట్యూబులైట్ల రోజుల్లో గ్యాలనుకి ఇన్ని వాట్లు అని ఒక లెక్క ఉండేది. అప్పట్లో అందరివీ ఒకే రకం ట్యూబులు కాబట్టి నడిచింది. ఎల్ఈడీలకి అది పనికిరాదు. ఇంకో సంగతి. డబ్బా మీద 36 వాట్లు అని వేసిన ఒక ఆక్వేరియం లైటుని ఇంటికి తెచ్చి ప్లగ్‌లో పెట్టే వాట్ మీటరుతో కొలిచాను. 14 చూపించింది. తీసికెళ్ళి దుకాణంవాణ్ణి అడిగితే, "అది పవర్ కాదు సార్, అవుట్‌పుట్ సార్" అన్నాడు. 31 ఏళ్ళు కరెంటు పని చేసినవాణ్ణి, ఏం చెప్పను? నమస్కారం పెట్టి వచ్చేశాను.

ల్యూమెన్లు. ఇవి కాస్త నిజం చెప్తాయి, కానీ మన కంటికి సంబంధించిన నిజం. మనిషి కన్ను 555 నానోమీటర్ల దగ్గర, అంటే పసుపుపచ్చ కలిసిన ఆకుపచ్చ దగ్గర బాగా చూస్తుంది. అందుకని ఆకుపచ్చ ఎక్కువున్న దీపానికి ల్యూమెన్లు ఎక్కువ పడతాయి. మొక్కకి పనికొచ్చేది 400 నుంచి 700 నానోమీటర్ల దాకా ఉన్న కాంతంతా. దాన్ని పార్ అంటున్నారు. ఒక చదరపు మీటరు మీద సెకనుకి ఎన్ని కాంతి కణాలు పడుతున్నాయో మైక్రోమోల్స్‌లో లెక్క. మిట్టమధ్యాహ్నపు ఎండ దాదాపు 2,000. మన నీడ మొక్కలకి తొట్టి అడుగున 15 నుంచి 30 చాలు. నడిమిరకానికి 30 నుంచి 50. అది దాటితే గ్యాసు మాట ఎత్తాలి. ఎండతో పోల్చి చూసుకోండి, ఎంత తక్కువో!

ఒకాయన చెయ్యెత్తుతున్నారు. చెప్పండి.

(శ్రోత: "మొక్కలకి ఎరుపూ నీలమే కావాలి, ఆకుపచ్చ వృథా అంటున్నారు కదండీ. గులాబీ రంగు గ్రో లైట్లు అమ్ముతున్నారు.")

మంచి ప్రశ్న. దీని వెనక ఒక ముచ్చటైన ప్రయోగం ఉంది. 1882లో ఎంగెల్‌మాన్ అనే జర్మన్ శాస్త్రవేత్త సన్నటి ఆకుపచ్చ నాచు పోగు మీద పట్టకంతో విడదీసిన ఇంద్రధనుస్సు రంగులు పడేలా చేశాడు. ఆ నీళ్ళలో ఆక్సిజన్ అంటే పడిచచ్చే బ్యాక్టీరియాని వదిలాడు. ఎక్కడ ఎక్కువ ఆక్సిజన్ పుడితే అవి అక్కడికి చేరతాయి కదా. ఎరుపు దగ్గరా, నీలం దగ్గరా పోగుపడ్డాయి. మీటర్లు లేని కాలంలో బ్యాక్టీరియానే మీటరుగా వాడుకున్నాడు. గులాబీ లైట్ల వ్యాపారానికి పునాది అదే. కానీ 1972లో మెక్‌క్రీ అనే శాస్త్రవేత్త 22 రకాల పంట మొక్కల ఆకుల మీద ఒక్కో రంగూ వేసి కొలిచాడు. ఆకుపచ్చ కాంతిని కూడా ఆకు బాగానే వాడుకుంటోందని తేలింది. కాస్త తక్కువ, అంతేగాని వృథా కాదు. కాబట్టి మామూలు తెల్ల లైటు చాలు. గులాబీ లైటు కింద మొక్క పెరుగుతుంది, కాదనను. కానీ ఆ రంగులో మీ చేపలూ మొక్కలూ పెళ్ళి పందిట్లో సీరియల్ లైట్ల కింద వంకాయ కూరలా కనబడతాయి. తొట్టి పెట్టుకుంది చూసుకోడానికి కదా.

ఆ ప్రయోగంలో ఇంకో చమత్కారం ఉంది. ఎంగెల్‌మాన్ వాడింది నాచునే! మొక్కకి ఏ రంగు పనికొస్తుందో పాచికీ అదే పనికొస్తుంది. పాచి పట్టని లైటు అని ఎవరైనా అమ్మితే ఆ డబ్బు దాచుకోండి.

కెల్విన్. డబ్బా మీద 6500కే అని ఉంటుంది, మన దుకాణాల్లో కూల్ డేలైట్ అంటారు. 3000 అయితే వార్మ్ వైట్, పసుప్పచ్చగా ఉంటుంది. 4000 మధ్యరకం. ఇది కంటికి కనబడే రంగు తీరు, అంతే. మొక్క 4000 కిందా పెరుగుతుంది, 6500 కిందా పెరుగుతుంది. నా కంటికి 6500 కింద నీళ్ళు తేటగా కనబడతాయి కాబట్టి అదే వాడతాను. సీఆర్ఐ అని ఇంకో అంకె ఉంటుంది, ఆ లైటు కింద రంగులు ఎంత సహజంగా కనబడతాయో చెప్పేది. అది 90 పైన ఉంటే ఎరుపు ఎర్రగా కనబడుతుంది. 80 ఉన్నా బతికేయొచ్చు.

ఈ తెల్ల ఎల్ఈడీ అన్నది నిజానికి నీలం ఎల్ఈడీ. నీలం చిప్పు మీద పసుపు పూత పూస్తారు, రెండూ కలిసి కంటికి తెల్లగా తోస్తాయి. ఆ నీలం చిప్పు తయారుచేసినందుకే 2014లో అకసాకి, అమానో, నకమురా అనే ముగ్గురికి భౌతికశాస్త్రంలో నోబెల్ ఇచ్చారు. అమానో అనగానే ఇక్కడ కొందరి ముఖాలు వెలిగాయి, చూస్తున్నాను. (నవ్వులు) ఆ అమానో వేరు, ఈ అమానో వేరు. నోబెల్ ఆయన హిరోషి అమానో. తొట్టిలో అడవిని పెట్టొచ్చని లోకానికి చూపించిన ఫోటోగ్రాఫరు తకాషి అమానో. పాచి తినే అమానో రొయ్య ఈయన పేరు మీదే. ఒక అమానో దీపం ఇచ్చాడు, ఇంకో అమానో తొట్టి ఇచ్చాడు. పాచి మాత్రం మనం సొంతంగా పెంచుకున్నాం.

ఆ నోబెల్ ప్రకటించింది అక్టోబరు 7, మంగళవారం. ఆ వారం మనకెందుకు గుర్తుండాలో మీకు వేరే చెప్పక్కర్లేదు. 12వ తేదీ ఆదివారం హుద్‌హుద్ తుపాను వచ్చింది. చెట్టన్నది నిలబడలేదు, స్తంభాలు పడిపోయాయి, మా వీధికి ఎనిమిది రోజులు కరెంటు లేదు. తాగే నీళ్ళకే తన్నుకుంటుంటే తొట్టి ఎవడికి కావాలి? కానీ చేపలు ఉన్నాయి కదా. పొద్దున్నా సాయంత్రం ఒక చెంబు తీసుకుని తొట్టిలో నీళ్ళు ముంచి, జానెడు ఎత్తు నుంచి మళ్ళీ అందులోకే పోసేవాణ్ణి, గాలి కలవాలని. మా ఆవిడ, "ఊరంతా మునిగిపోతే ఈయన చేపలకి అభిషేకం చేస్తున్నాడు" అని పక్కింటావిడతో చెప్పడం నా చెవిన పడింది.

ఎనిమిదో రోజుకి ఏమైందో తెలుసా? ఆ పాలకూర పోయింది. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. చీకట్లో పచ్చ నాచు చచ్చి అడుక్కి దిగిపోయింది. హైడ్రిల్లా పాలిపోయింది. క్రిప్టో మాత్రం అసలేమీ జరగనట్టే ఉంది. కరెంటు రాగానే నేనేం చేశాను? ఆ 50 వాట్ల లైటే మళ్ళీ వేశాను. మూడు వారాల్లో మళ్ళీ పాలకూర. అప్పుడు బుర్రకెక్కింది. ఆ తర్వాత ఊళ్ళో వీధి దీపాలన్నీ ఎల్ఈడీలకి మారాయి. నేను మాత్రం మా తొట్టి మీది ఎల్ఈడీ తగ్గించాను.

ఎంతకి తగ్గించాను? ఇక్కడ కాస్త లెక్క చెయ్యాలి, ఓపిక పట్టండి. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు తొట్టి. అంచుదాకా పోస్తే 56 లీటర్లు, ఇసుకా రాళ్ళూ పోను 45 అనుకోండి. పైన కప్పు రెండు చదరపు అడుగులు, అంటే చదరపు మీటరులో అయిదో వంతు కంటే కొంచెం తక్కువ. ఇంటికి వాడే రెండడుగుల ఎల్ఈడీ బ్యాటెన్, అంటే ట్యూబులైటు లాంటి బారు లైటు, 10 వాట్లది, సుమారు 1,000 ల్యూమెన్లు ఇస్తుంది. అందులో సగం పక్కలకి పోయి గోడల మీద పడింది అనుకుందాం. మిగతా 500 ఆ రెండు చదరపు అడుగుల మీద పరుచుకుంటే సుమారు 2,700 లక్స్, అంటే చదరపు మీటరుకి అన్ని ల్యూమెన్లు. తెల్ల ఎల్ఈడీకి 70 లక్స్ ఒక మైక్రోమోల్ అని మోటు లెక్క. భాగించండి, 38 వస్తుంది. అంటే ఎలక్ట్రికల్ దుకాణంలో దొరికే మామూలు బ్యాటెను నడిమిరకం మొక్కలకి సరిపోతోంది. క్రిప్టోలకైతే ఎక్కువే. నా 50 వాట్ల ఫ్లడ్‌లైటుకి ఇదే లెక్క కట్టండి. 190 వస్తుంది. గ్యాసు లేని తొట్టికి 190! పాలకూర కాక పాయసం వస్తుందా?

అడుగు, అడుగు, అడుగు ఘనం తొట్టి అయితే 28 లీటర్లు. దానికి షేడ్ ఉన్న టేబుల్ ల్యాంపులో 5 నుంచి 7 వాట్ల బల్బు చాలు. ఆక్వేరియం లైటు అని పేరు పెట్టగానే ధర నాలుగు రెట్లవుతుంది. అందంగా ఉంటుంది, తొట్టి అంచు మీద కాళ్ళు వేసుకుని నిలబడుతుంది, కొన్నిటికి వెలుతురు తగ్గించే మీట ఉంటుంది. ఆ మీట కోసమైతే డబ్బు పెట్టండి, నేనూ పెట్టాను. తగ్గించే వీలున్న లైటు తప్పుగా కొన్నా దిద్దుకోవచ్చు. రంగులు మారేది, మెరుపులు మెరిసేది, ఉరుములు ఉరిమేది, వాటికి పెట్టకండి. ఉరుముకి చేప బెదిరి తొట్టి బయట పడితే పిల్లి తప్ప ఎవరూ సంతోషించరు.

పార్ మీటరు కొనాలా అంటారు. వద్దు. మీ తొట్లన్నిటి కంటే దాని ఖరీదు ఎక్కువ. ఫోనులో లక్స్ కొలిచే యాప్ ఉంటుంది. నీళ్ళు పొయ్యకముందే ఖాళీ తొట్టి అడుగున ఫోను వెల్లకిలా పెట్టి, పైన లైటు వేసి చూడండి. ఒక ఫోను చెప్పింది ఇంకోటి చెప్పదు, అందుకని అంకెని వేదవాక్కుగా తీసుకోకండి. కానీ మధ్యలో 3,000 చూపించి మూలల్లో 800 చూపిస్తే, ఆ తేడా నిజం. చిన్న తొట్టిలో అసలు చిక్కు అదే. అడుగు లోతు నీళ్ళు వెలుతురుని పెద్దగా మింగవు. లైటు పొడవు చాలకపోవడం వల్ల మూలలు చీకటిగా ఉంటాయి. అందుకే తొట్టి పొడవుకి దగ్గరగా ఉన్న బారు లైటు తీసుకోండి, లేదా చిన్న లైటుని ఇంకొంచెం పైకి ఎత్తండి. ఎత్తితే పరుచుకుంటుంది, తీవ్రత కూడా తగ్గుతుంది. మీట లేని లైటు మరీ ఎక్కువైతే గాజు మూత మీద బటర్ పేపరు పరిచెయ్యండి. లేదంటే నీటి మీద నాలుగు అంతర తామర మొక్కలు వదలండి. కొండకర్ల పద్ధతి అన్నమాట. వారానికోసారి సగం తీసి పారెయ్యాలి, లేకపోతే గుర్రపుడెక్క చెరువుని కప్పినట్టు కప్పేస్తాయి.

గంటలు. వాట్ల గురించి గంట మాట్లాడుకుంటాం గానీ, పాచి కేసుల్లో నేను చూసినవి సగం గంటల దగ్గర చెడినవే. మన ఊళ్ళో జూన్‌లో పగలు 13 గంటలు, డిసెంబరులో 11. అది చూసి 12 గంటలు వేసేస్తారు. కొత్త తొట్టికి ఆరు గంటలు వెయ్యండి. నెలా రెండు నెలలు పోయాక, కొత్త ఆకులు వస్తుంటే, ఏడు, ఎనిమిది. అక్కడ ఆగండి. ఉద్యోగాలకి పోయేవాళ్ళు సాయంత్రం ఇంటికొచ్చి చూసుకోవాలి కదా, మధ్యాహ్నం మూడింటికి వెలిగి రాత్రి తొమ్మిదింటికి ఆరేలా పెట్టుకోండి. మొక్కకి పొద్దున్నా సాయంత్రం తేడా తెలీదు. మా అమ్మ ఇంకో మాట అనేది: "రాత్రి పన్నెండైనా ఆ దీపం ఆర్పవు, ఆటికి నిద్దరొద్దేట్రా?" చేపకి రెప్ప లేదు. కళ్ళు మూసుకుందామన్నా వీలుపడదు. చీకటి మనమే ఇవ్వాలి. వెలిగేటప్పుడు కూడా ముందు గదిలో లైటు వేసి, పది నిమిషాలాగి తొట్టి లైటు వెలిగితే చేపలు బెదరవు.

దీనికి టైమరు కావాలి. చేత్తో వేస్తాం, ఆపుతాం అంటారు. నాలుగు రోజులు చేస్తారు, అయిదో రోజు పెళ్ళికి వెళ్తారు. గుండ్రంగా తిరిగే మెకానికల్ టైమరు చవక. కానీ కరెంటు పోతే దాని గడియారం కూడా ఆగిపోతుంది. వేసవిలో కోతలు కోతలుగా పోయి, మా ఇంట్లో అది నాలుగు గంటలు వెనకబడి, తొట్టి రాత్రి ఒంటిగంట దాకా వెలుగుతుండేది. నేను తొమ్మిదిన్నరకే పడుకుంటాను, నాకేం తెలుసు! లోపల బ్యాటరీ ఉన్న డిజిటల్ టైమరు తీసుకోండి.

ఇంకో దీపం ఉంది, దాన్ని ఎవరూ లెక్కలో వెయ్యరు. కిటికీ. లాసన్స్ బే కాలనీలో ఉండే మా మిత్రుడు ఒకాయన డిసెంబరులో తొట్టి పెట్టాడు, ఉత్తరం కిటికీ పక్కన. ఉత్తరం నుంచి ఎండ రాదు కదా అని వాస్తు చూసినంత జాగ్రత్తగా చూసి పెట్టాడు. ఏప్రిల్ దాకా బంగారంలా ఉంది. మే నెలలో అద్దాల నిండా పాచి. లైటు మార్చాడు, ఎరువు ఆపాడు, నీళ్ళు మార్చాడు, నన్ను పిలిచాడు. నేను పొద్దున్న ఏడింటికి వెళ్ళాను కాబట్టి దొరికింది, లేకపోతే నాకూ తెలిసేది కాదు. ఎండ ఏటవాలుగా సరిగ్గా తొట్టి మీద పడుతోంది! మనం ఉన్నది 17.7 డిగ్రీల అక్షాంశం మీద. మార్చి 21 దాటితే సూర్యుడు తూర్పుకి ఉత్తరంగా జరిగి లేస్తాడు. మే నెల రెండో వారంలో మధ్యాహ్నం సరిగ్గా నడినెత్తికి వస్తాడు, అక్కణ్ణుంచి జూలై చివరిదాకా మిట్టమధ్యాహ్నం కూడా మనకి ఉత్తరం వైపే ఉంటాడు. డిసెంబరులో చూసి ఎండ రాదని తేల్చేస్తే ఎలా? ఆయన ఒక కర్టెను కొన్నాడు. అంతే, ఇంకేం మార్చలేదు.

మన ఊరికి ప్రత్యేకం ఇంకోటి ఉప్పుగాలి. బీచ్ రోడ్డు వైపు ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఫ్యాను రెక్క తుడిస్తే చేతికి జిగట, గేటు బోల్టులు ఏడాదికి ఊడిపోతాయి. తొట్టి పైన ఎలాగూ తేమ. రెండూ కలిస్తే లైటు అల్యూమినియం మీద తెల్లటి పొడి పుడుతుంది, తీగ జాయింట్ల దగ్గర పచ్చ చిలుము పడుతుంది. అందుకని జాయింట్లు బయటకి కనబడని, పూర్తిగా మూసిన లైటు తీసుకోండి. ఐపీ67 అని రాసుంటే నీళ్ళలో పడినా కాసేపు తట్టుకుంటుంది. అడాప్టరు వేరుగా ఉండి, లైటుకి వచ్చేది 12 వోల్టులో 24 వోల్టులో అయితే మరీ మంచిది. అడాప్టరుని తొట్టి కింద అల్మరాలో పెట్టకండి, పక్కన గోడకి పైన పెట్టండి. ఇంటి బ్యాటెను వాడేవాళ్ళు దాన్ని నీటి మీద నేరుగా వేలాడదీయొద్దు. అది తేమకి చేసింది కాదు, పైగా 230 వోల్టులు. మధ్యలో గాజు మూత ఉండాలి, బ్యాటెను గోడకో చెక్క స్టాండుకో గట్టిగా బిగించి ఉండాలి. తీగ సాకెట్టులోకి వెళ్ళేముందు ఉయ్యాలలా కిందికి వంగి మళ్ళీ పైకి వెళ్ళాలి. తీగ వెంట జారిన నీటి బొట్టు ఆ వంపు దగ్గర కింద పడిపోతుంది, సాకెట్టులోకి పోదు. ఇంట్లో 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చి, లేకపోతే లైటు కంటే ముందు అది పెట్టించండి. తొట్టిలో చెయ్యి పెట్టేముందు స్విచ్చి ఆపండి. ఈ ఒక్క విషయంలో నేను నవ్వించను.

గాజు మూత మీద నీళ్ళు ఎండి తెల్లటి పొర కడుతుంది. లైటు పాడైంది అనుకుని కొత్తది కొన్నవాళ్ళని చూశాను. నిమ్మచెక్కతో రుద్ది కడగండి, సగం వెలుతురు తిరిగొస్తుంది.

చివరికి మొక్కనే అడగండి. కాండం మీద ఆకుకీ ఆకుకీ మధ్య ఎడం పెరిగి, కింది ఆకులు రాలుతూ పైకి పైకి సాగుతుంటే వెలుతురు చాలట్లేదు. దగ్గర దగ్గరగా ఆకులేసి పొట్టిగా ఉంటే సరిపోయింది. అనూబియాస్ పాత ఆకుల మీద పచ్చచుక్కలు గట్టిగా అంటుకుంటే ఎక్కువైందనే అనుమానించండి. ఒక హెచ్చరిక. నర్సరీల్లో చాలా మొక్కల్ని నీటి బయట పెంచుతారు. మన తొట్టిలోకి రాగానే పాత ఆకులు కుళ్ళి రాలిపోతాయి, రెండు మూడు వారాల్లో నీటి ఆకులు వస్తాయి. ఆ రాలడం చూసి కంగారుపడి లైటు పెంచేస్తారు. అత్తారింటికి కొత్తగా వచ్చిన పిల్ల రెండు రోజులు అన్నం సరిగా తినకపోతే బలవంతంగా కుక్కుతామా? కొత్త తొట్టిలో గోధుమరంగు బూజులా పట్టేది కూడా లైటు తప్పు కాదు. తుడిచెయ్యండి, కొన్ని వారాల్లో అదే పోతుంది. ఏది మార్చినా ఒక్కటే మార్చి, రెండు వారాలు చేతులు కట్టుకుని కూచోండి.

ఇంక ప్రశ్నలుంటే అడగండి.

(శ్రోత: "నా రోటాలా మొక్క కొన్నప్పుడు ఎర్రగా ఉందండీ, ఇప్పుడు పచ్చగా అయిపోయింది. ఏ లైటు పెడితే మళ్ళీ ఎరుపొస్తుంది?")

అమ్మా, మీకు గ్యాసుందా? లేదు. అయితే అది పచ్చగా, ఆరోగ్యంగా ఉందా? ఉంది. మరింకేం? దానికి ఉన్న వెలుతురులో ఉన్న అన్నంతో హాయిగా ఉంది. ఎరుపు కోసం వెలుతురు రెట్టింపు చేస్తే ముందు పాచి వస్తుంది. ఎరుపే కావాలంటే గోధుమరంగు క్రిప్టో ఒకటి పెట్టుకోండి, మసకలో కూడా దాని రంగు దానికుంటుంది. సీఆర్ఐ ఎక్కువున్న లైటు వేస్తే ఆ రాగిరంగు ఇంకా బాగా తేలుతుంది.

చివరి ప్రశ్న. ఆ బాబు ఎప్పట్నుంచో చెయ్యెత్తి ఉన్నాడు.

(బాలుడు: "అంకుల్, మా ఇంట్లో సీసాలో ఫైటర్ చేప ఉంది. అందులో మనీ ప్లాంటు పెట్టాం. దానికి ఏ లైటు కొనాలి?")

మనీ ప్లాంటు ఆకులు నీళ్ళలో ఉన్నాయా, బయట ఉన్నాయా? బయట. వేళ్ళు మాత్రమే నీళ్ళలో. భేష్. అయితే దానికి కార్బన్ డయాక్సైడ్ గాలిలోంచే దొరుకుతోంది, నీళ్ళ మీద ఆధారపడక్కర్లేదు. గదిలో కిటికీ వెలుతురు చాలు, లైటు కొనక్కర్లేదు. సీసా ఎంతుంటుంది? చేత్తో చూపించు. అంతేనా? లీటరు కూడా పట్టదు నాన్నా అది. లైటు డబ్బులు మిగిలాయి కదా, ఆ డబ్బులతో 20 లీటర్ల తొట్టి కొనమని మీ నాన్నగారితో చెప్పు. పక్కనే కూచున్నారా? నమస్కారమండీ. విన్నారుగా.

(నవ్వులు, చప్పట్లు)